చివరి రోజుల మీద ఎవరి సంతకం?

విజయవాడ రోడ్డు మీదుగా నల్లగొండ, సూర్యాపేట, కోదాడ వైపు నుంచి వచ్చే రోగులకు హైదరాబాదు ఎల్బీనగర్ దగ్గరే మొదలవుతుంది. సాగర్ రోడ్డు మీదుగా దేవరకొండ, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చేవారికీ అంతే. బస్సు దిగగానే ఆస్పత్రుల బోర్డులు కనిపిస్తాయి. అక్కణ్ణుంచి కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాకా రోడ్డుకి రెండు పక్కలా చిన్నా పెద్దా ఆస్పత్రులు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు, వాటి మధ్యలో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. పిల్లలకు ఉద్యోగం వస్తుందని ఆశపెట్టే కేంద్రాలూ, పెద్దలకు రోగం పోతుందని ఆశపెట్టే కేంద్రాలూ ఒకే రోడ్డు మీద పక్కపక్కన వెలిశాయి. రెండింటికీ డబ్బు వచ్చేది ఒకే చోటు నుంచి: అమ్మిన అరెకరం, తాకట్టు పెట్టిన పుస్తెలతాడు, పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు.

ఈ రోడ్డు మీద జరిగే ఒక విషయం గురించి స్త్రీల ఉద్యమాలు ఇంతవరకూ తగినంతగా మాట్లాడలేదు. క్యాన్సర్ కాలేయానికో, ఊపిరితిత్తులకో, ఎముకలకో పాకి, ఇక నయం చేసే వైద్యం లేదని డాక్టర్లకు తెలిసిపోయిన తర్వాత కూడా రోగి శరీరం మీద సాగే వైద్యం గురించి. ఒక రకం కీమో పనిచేయకపోతే ఇంకో రకం, అదీ పనిచేయకపోతే మరొకటి. స్కాన్ మీద స్కాన్. చివరికి ఐసీయూ, గొంతులో గొట్టం, ఆ గొట్టం లాక్కోకుండా మంచానికి కట్టేసిన చేతులు, విజిటింగ్ టైములో గాజు తలుపు ఇవతల నుంచి ఇంటివాళ్ల చూపు. దీన్ని మన భాషలో 'చేయాల్సిందంతా చేశాం' అంటారు. ఎవరు చేశారు, ఎవరి మీద చేశారు, ఎవరిని అడిగి చేశారు అనే ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటు లేదు.

సంతకం దగ్గర మొదలుపెడదాం. రోగి తెలివిలోనే ఉంటుంది. అయినా కాగితం ఆమె దగ్గరికి రాదు. భర్త దగ్గరికో, కొడుకు దగ్గరికో, అన్నదమ్ముల దగ్గరికో పోతుంది. ఆస్పత్రి భాషలో వాళ్లు 'అటెండెంట్లు'. రాత్రంతా మంచం పక్కన కూర్చుని మలమూత్రాలు ఎత్తేది కూతురో కోడలో అయినా, డాక్టరు గదిలోకి పిలిపించేది మాత్రం 'మగవాళ్లు ఎవరైనా ఉన్నారా' అని అడిగి. ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు, చట్టానికీ విరుద్ధం. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: తెలివిలోకి రాగల వయోజన స్త్రీ శరీరం మీద, ప్రాణాపాయం లేనప్పుడు, ఆమె అనుమతి లేకుండా చికిత్స చేయడానికి తల్లి సంతకం సరిపోదని. ఆ కేసులో ఆమె మత్తులో ఉండగా తల్లి దగ్గర సంతకం తీసుకుని గర్భసంచి తొలగించారు. తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా మన ఆస్పత్రుల్లో మారింది లేదు.

అనుమతి అంటే సంతకం ఒక్కటే కాదు, తెలిసి చేసే సంతకం. ఇక్కడే అసలు మోసం ఉంది. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిన ఒక స్త్రీతో చైతన్యపురిలో మాట్లాడాను. ఆమెకు తన రోగం పేరు 'గడ్డ' అనే తెలుసు. ఎన్ని సైకిళ్లు కీమో అయ్యాయో వేళ్ల మీద లెక్క చెప్పింది. ఎందుకిస్తున్నారంటే, 'తగ్గడానికే కదమ్మా, లేకపోతే ఇంత బాధ ఎందుకు పెడతారు?' అంది. ఆ ప్రశ్న ఆమె నన్నడిగింది గానీ అడగాల్సింది డాక్టర్ని. ఆమె పెద్దకొడుక్కి మొత్తం తెలుసు. 'చెప్తే తట్టుకోలేదు' అన్నాడు. ముగ్గురు పిల్లల్ని కని, ఇద్దరిని పోగొట్టుకుని, కరువులో కూలికిపోయి ఇల్లు నిలబెట్టిన మనిషి దేన్ని తట్టుకోలేదు? అతని ప్రేమలో నాకు సందేహం లేదు. ఆ ప్రేమ ఆమెకు తన జీవితం గురించిన సమాచారాన్నే అందకుండా చేసింది.

ఇది మన దేశపు అజ్ఞానం అనుకోవద్దు. ఎన్నో హక్కుల గురించి మాట్లాడే అమెరికాలో 2012లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఇతర అవయవాలకు పాకిన క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్న రోగుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్లు నూటికి 69 మంది, పెద్దపేగు క్యాన్సర్ వాళ్లు నూటికి 81 మంది ఆ కీమో తమ రోగాన్ని నయం చేయదన్న సంగతి గ్రహించలేదని తేలింది. డాక్టర్లు కూడా తమను తాము మభ్యపెట్టుకుంటారు. చికాగోలో మరణానికి దగ్గరైన రోగుల మీద జరిగి 2000లో అచ్చయిన పరిశీలనలో, డాక్టర్లు రోగి ఇంకా ఎంతకాలం బతుకుతారని అంచనా వేశారో అది అసలు బతికిన కాలానికి సగటున అయిదు రెట్లకు పైగా ఉంది. అక్కడ అలా ఉంటే, రోగికి తన కాగితాలు చదివే అవకాశమే లేని చోట, డాక్టరు తెలుగులో మాట్లాడుతూనే రోగం సంగతి వచ్చేసరికి ఇంగ్లీషులోకి జారుకునే చోట ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ని పేద స్త్రీల మీద ప్రయోగించబోతే, అది ప్రయోగమని వాళ్లకు చెప్పలేదని స్త్రీ శక్తి సంఘటన బయటపెట్టింది. మరుసటి ఏడాది మిగతా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు హాస్టల్ వార్డెన్ల సంతకాలు తల్లిదండ్రుల అనుమతిగా చలామణీ అయ్యాయి. స్త్రీల సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గొడవ చేశాకనే 2010 ఏప్రిల్లో దాన్ని ఆపారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకం తెచ్చుకున్న ఉద్యమం మనది. పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీ శరీరం మీద వైద్యం చేసే పెత్తనాన్ని చూడగలిగాం. ఆ వయసు దాటిన స్త్రీ, చనిపోబోతున్న స్త్రీ మన చర్చల్లోకి రాలేదు. జనాభా నియంత్రణ కోరే రాజ్యానికి పనికిరాని శరీరం కాబట్టి మనకూ కనిపించలేదా అని నాకు అనుమానం.

మార్కెట్ కి మాత్రం ఆ శరీరం బాగానే కనిపించింది. 2007లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద స్త్రీలెందరికో క్యాన్సర్ ఆపరేషన్‌నీ, కీమోనీ, రేడియేషన్‌నీ అందుబాటులోకి తెచ్చింది. దాన్ని తక్కువ చేయను. అంతకు ముందు వాళ్లు ఏ వైద్యమూ లేకుండానే పోయేవారు. కానీ దాని నిర్మాణం ప్యాకేజీల మీద నిలబడింది. ఫలానా చికిత్సకు ఇంత. చేస్తే డబ్బు వస్తుంది, చేయకుండా రోగి పక్కన అరగంట కూర్చుని 'ఇక ఈ మందు వల్ల మేలు కంటే బాధే ఎక్కువ, నొప్పి లేకుండా చూస్తాం, మీకేం కావాలో చెప్పండి' అని మాట్లాడితే రాదు. కార్డు లేనివాళ్ల దగ్గర, కార్డు మీద ఇచ్చే మొత్తం అయిపోయినవాళ్ల దగ్గర లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఐసీయూ పడకకి రోజుకింత. ఒక్కొక్క డాక్టరు దురాశ గురించి కాదు నేనంటున్నది. పొద్దున్నించి రాత్రిదాకా ఓపీ చూసే యువ డాక్టరుకి మరణం గురించి మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. పైగా రోగి చనిపోతే అద్దాలు పగులుతాయన్న భయం. గొట్టం వేసేస్తే ఎవరూ అడగరు, వేయకపోతే అందరూ అడుగుతారు.

ఆ బిల్లు ఎవరు కడతారు? భర్త పోయాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాస్టల్లో వంటపనికి కుదిరిన ఒకామె లెక్క నాకు చెప్పింది. నాలుక క్యాన్సర్ ముదిరిన భర్తని ఒక ఆస్పత్రిలో చివరి తొమ్మిది రోజులూ వెంటిలేటర్ మీద ఉంచారు. మరిది 'నా అన్నకి ఏ లోటూ జరగొద్దు' అన్నాడు. అప్పు కాగితాల మీద పడింది మాత్రం ఆమె వేలిముద్ర, ఆమె పొదుపు సంఘం పేరు. మరిది నెలమాసికం తర్వాత మళ్లీ రాలేదు. ఆమె పొద్దున నాలుగింటికి లేచి నలభైమంది పిల్లలకు టిఫిను చేసి ఆ తొమ్మిది రోజుల అప్పు తీరుస్తోంది. రోగి ఎన్ని రోజులు అదనంగా బతికారని లెక్కలు వేసేవాళ్లు ఈ లెక్కని కూడా రాయాలి. ఇంకో సంగతి ఆమె తనంతట తానే చెప్పింది: 'ఆయన చెయ్యి పట్టుకోనియ్యలేదు.' ఐసీయూలో పోయిన క్యాన్సర్ రోగుల కుటుంబీకులను ఇంటి దగ్గర ఉపశమన వైద్యంలో పోయినవారి కుటుంబీకులతో పోల్చిన అమెరికన్ పరిశోధకులు 2010లో ఐసీయూ వారిలో మానసిక గాయం చాలా ఎక్కువని చూపారు. ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది.

డబ్బు అయిపోయిన రోజు ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. అంతవరకూ 'ఆశ ఉంది' అన్నవాళ్లు 'ఇంటికి తీసుకుపొండి' అంటారు. కాగితం మీద మాత్రం వైద్యుల సలహాకు విరుద్ధంగా తామే తీసుకుపోతున్నామని ఇంటివాళ్లతో రాయించుకుంటారు. చేతిలో నొప్పి మందు ఉండదు, ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. ఊళ్లో ఇల్లున్నవాళ్లు అంబులెన్సులో విజయవాడ రోడ్డెక్కుతారు. సరూర్‌నగర్‌లోనో, వనస్థలిపురంలోనో అద్దె పోర్షన్లో ఉన్నవాళ్లకి ఆ దారీ లేదు. ఇంట్లో చావు జరిగితే అరిష్టమని, వాటా ఖాళీగా పడుంటుందని ఇంటి ఓనర్లు రోగిని గడప దాటనివ్వని సంఘటనలు, శవాన్ని వాకిట్లో కూడా పెట్టనివ్వని సంఘటనలు తెలుగు పత్రికలు చదివేవారందరికీ తెలుసు. 'ఇంట్లో ప్రశాంతంగా పోవాలి' అనే మాట సొంత ఇల్లున్నవాళ్ల మాట. స్త్రీలలో ఎంతమందికి తమదనే ఇల్లుంది? పుట్టింటికీ అత్తింటికీ మధ్య, కొడుకుల వంతుల మధ్య తిరిగే ముసలమ్మకి ఏది ఇల్లు?

ఇక్కడ మన మిత్రులే ఒక అభ్యంతరం చెబుతారు. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. మన సమాజంలో ఆడవాళ్లకు జరిగేది వైద్యం ఎక్కువ కావడమా, అసలు అందకపోవడమా? కొడుక్కి క్యాన్సరైతే పొలం అమ్ముతారు, కూతురికైతే దేవుడికి మొక్కుతారు. మనదేశంలో క్యాన్సర్ వైద్యానికి తీసుకొచ్చే పిల్లల్లో మగపిల్లల సంఖ్య ఎందుకంత ఎక్కువని వైద్య పరిశోధకులే ప్రశ్నించారు. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి ఆస్పత్రికి వచ్చేదాకా నెలలు గడుస్తాయి, పంట చేతికి రావాలి, కూతురి పెళ్లి కావాలి, పరీక్షలు అయిపోవాలి. అలాంటిచోట 'చివర్లో వైద్యం ఆపే హక్కు' అంటే అది ఆడవాళ్లను వదిలించుకోవాలనుకునేవారికి ఆయుధం కాదా?

అవుతుంది, నిర్ణయం కుటుంబం చేతిలోనే ఉంటే. నేను అంటున్నది నిర్ణయం ఆమె చేతిలోకి రావాలని. నయమయ్యే దశలో ఆమెకి అందాల్సిన వైద్యాన్ని ఎగ్గొట్టి, నయం కాని దశలో ఆమె మీద ప్రయోగాలన్నీ చేసి 'ఏ లోటూ చేయలేదు' అని చుట్టాల ముందు చెప్పుకోవడం రెండు వేరు వేరు అన్యాయాలు కావు. మొదటిదాంట్లో ఆమెని అడగలేదు. రెండోదాంట్లోనూ అడగలేదు. బతికినన్నాళ్లూ ఆమె ఖర్చు బరువుగా కనిపించినవాళ్లకి చివరి వారం చేసే ఖర్చు పరువుగా కనిపిస్తుంది. కాబట్టి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ముందే కనిపెట్టే పరీక్షల కోసం పోరాడటమూ, చివరి దశలో ఆమె మాట వినాలని పోరాడటమూ ఒకే పని. రెండోది మొదటిదానికి పోటీ అనుకునేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

ఇంకో అపోహ, కీమో ఆపడమంటే వైద్యం ఆపడమని. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మంది రోగుల్లో సగంమందికి మామూలు చికిత్సతోపాటు మొదట్నించీ ఉపశమన వైద్యం కూడా ఇచ్చారు. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్ల బాధ తక్కువ, నిరాశ తక్కువ, చివర్లో తీవ్రమైన వైద్యమూ తక్కువ. అయినా సగటున 11.6 నెలలు బతికారు. రెండో గుంపువాళ్లు 8.9 నెలలు. తక్కువ వైద్యం చేస్తే తొందరగా చస్తారన్న వాదన ఇక్కడ నిలవదు. ఓపిక బాగానే ఉన్న రోగులకి చివరి నెలల్లో ఇచ్చిన కీమో వాళ్ల ఆఖరి వారాన్ని మరింత దుర్భరం చేసిందని 2015లో మరో అధ్యయనం చెప్పింది.

ఆ వైద్యం మన ఊళ్లో లేదా? ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అదే రైల్లో లక్డీకాపూల్‌లో దిగితే ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర్లోనే ఉంటుంది. 1955లో మొదలైన ప్రభుత్వ సంస్థ. అక్కడ 2006 నుంచి డాక్టర్ గాయత్రి పాలట్ ఆధ్వర్యంలో ఉపశమన వైద్య విభాగం పెరిగింది. హైదరాబాద్‌లో 2011 నుంచి స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవలందిస్తోంది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు, ఇంటికొచ్చి చూసే 'ఆలన' వాహనాలు ఏర్పాటు చేసింది. ఇవన్నీ కొన్నేళ్లుగా ఉన్నవే. అయినా ఈ రోడ్డు మీద నేను మాట్లాడిన స్త్రీలలో ఒక్కరికి కూడా ఏ ఆస్పత్రివాళ్లూ వాటి పేరు చెప్పలేదు. తమ గుమ్మం దాటి ఉచితంగా దొరికే వైద్యం గురించి చెప్పడం వ్యాపారం కాదు కదా.

మార్ఫిన్ సంగతి మరీ ఘోరం. ప్రపంచంలో చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. మాత్ర ధర కొద్ది రూపాయలు. మాదకద్రవ్యాల మీద 1985లో తెచ్చిన చట్టం కాగితాల చిక్కుముడులు వేసి క్యాన్సర్ రోగులకు దాన్ని దూరం చేసింది. 2014లో చట్టాన్ని సవరించి గుర్తింపు పొందిన వైద్య సంస్థలన్నీ దాన్ని నిల్వ ఉంచుకునేలా దారి సుగమం చేశారు. ఇప్పటికీ వెంటిలేటర్లు బారులు తీరిన ఆస్పత్రిలో నోటితో మింగే మార్ఫిన్ మాత్ర దొరకదంటే అది చట్టం తప్పు కాదు. స్త్రీల నొప్పి విషయంలో ఇంకో అడ్డంకి ఉంది. పురిటి నొప్పి నుంచి మొదలుపెట్టి ఓర్చుకోవడమే ఆడతనమని నేర్పిన సమాజం ఎముకల్లో క్యాన్సర్ నొప్పినీ అదే తూకం వేస్తుంది. 'అమ్మ చాలా ఓపికమంతురాలు, ఒక్కసారి కూడా మూలగలేదు' అని గర్వంగా చెప్పుకునే కొడుకుల్ని చూశాను. మూలగనిచ్చే చోటు ఆమెకు ఎవరిచ్చారు?

చట్టం గురించి కార్యకర్తలు తెలుసుకోవలసింది కొంత ఉంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లో కండరాలు క్షీణించే జబ్బుతో చివరి దశలో ఉన్న పాతికేళ్ల చదరంగం ఆటగాడు వెంకటేశ్, తన అవయవాలు పనికొచ్చే స్థితిలో ఉండగానే దానం చేయాలని కోరుకున్నాడు. ఆ కోరికతో తల్లి సుజాత హైకోర్టుకి వెళ్లింది. కోర్టు కాదంది. ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో 1973లో అత్యాచారానికి గురై 42 ఏళ్లు మంచానికే అతుక్కుపోయిన నర్సు అరుణా షాన్‌బాగ్ తరఫున ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న 2011లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని, తెలివిలో ఉన్న వయోజనులు ఏ వైద్యాన్నైనా నిరాకరించవచ్చని, తెలివి తప్పే పరిస్థితి వస్తే తనకేం చేయాలో, ఏం చేయకూడదో ముందుగానే రాసిపెట్టుకోవచ్చని చెప్పింది. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. 2023 జనవరిలో దాన్ని సడలించి నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలన్నారు. ఆస్పత్రిలో రెండు వైద్య బోర్డులు చూడాలి, ఒక్కొక్కటి వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం దీన్ని అమలుచేస్తూ ఉత్తర్వు ఇచ్చింది.

ఈ తీర్పులో మనం నిలదీయవలసిందీ ఉంది. రాసిపెట్టుకున్న పత్రంలో తన తరఫున మాట్లాడేవారిగా పెట్టగలిగేది సంరక్షకుల్ని లేదా దగ్గరి బంధువుల్ని. పెళ్లి చేసుకోని స్త్రీకి, భర్త వదిలేసిన స్త్రీకి, ఇరవై ఏళ్లుగా స్నేహితురాలితో కలిసి బతుకుతున్న స్త్రీకి దగ్గరివారెవరు? కొట్టిన భర్తా? ఆస్తి రాయించుకుని మొహం చాటేసిన అన్నా? అరుణ కేసులో స్నేహితురాలిగా కోర్టుకెక్కిన పింకీ విరానీకి ఆ హోదా లేదన్నారు, ఆమెను చూసుకున్న ఆస్పత్రి సిబ్బందికి ఉందన్నారు. రక్తసంబంధం కంటే సేవ చేసిన చేతులకే ఎక్కువ హక్కుందని ఆ రోజు కోర్టు ఒప్పుకుంది. అదే సూత్రాన్ని రాతపూర్వకంగా అందరు స్త్రీలకూ వర్తింపజేయమని మనం అడగాలి.

చేయాల్సినవి దూరంగా లేవు. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న స్థలంలో వెయ్యి పడకల ప్రభుత్వ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. అందులో ఉపశమన వైద్యానికి ఎన్ని పడకలు, ఎంతమంది నర్సులు, మార్ఫిన్ నిల్వకు గుర్తింపు ఎప్పుడు, అద్దె ఇళ్లవాళ్లు రోగిని ఉంచుకునే చోటు ఉందా అని సమాచార హక్కు కింద అడుగుతూ రంగారెడ్డి, నల్లగొండ జిల్లాల సంఘాలు దరఖాస్తులు పెట్టవచ్చు. ఆరోగ్యశ్రీలో రోగితో మాట్లాడే సమయానికీ, ఇంటిదగ్గర చూసే నర్సుకీ డబ్బు కేటాయించమని అడగవచ్చు. పొదుపు సంఘాల సమావేశాల్లో ఆస్పత్రి అప్పుల మీద ఒక పూట చర్చ పెట్టవచ్చు. ఎవరి సంతకంతో, ఏ దశలో, ఎందుకు తీసుకున్నారో అక్కడి స్త్రీలే చెబుతారు. చైతన్యపురిలో నేను కలిసినామె తర్వాతి కీమోకి వెళ్లబోతూ కొడుకుని డాక్టరు ముందే అడిగిందట, 'ఇది ఇంకెన్నిసార్లు, దేనికోసం' అని. డాక్టరు కొడుకు మొహం వైపు చూశాడు. ఆమె 'నా వైపు చూసి చెప్పండి సార్' అంది.